పైన పటారం, లోన తుప్పు కాకుండా: సింగపూర్‌లో పికప్‌కు గట్టి పూత

తెల్లవారకముందే సింగపూర్‌లో జురాంగ్, తువాస్ వైపు రోడ్లన్నీ లారీలు, పికప్‌లతో నిండిపోతాయి. కొన్నింటి వెనక పైపులు, ఏసీ యూనిట్లు, సిమెంటు బస్తాలు. కొన్నింటి వెనక మనుషులు. వాళ్లలో శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి షిప్‌యార్డు పనికి వచ్చిన మనవాళ్లూ ఉంటారు. ఆ బండ్లను నడిపించే చిన్న కాంట్రాక్టర్లలోనూ తెలుగువాళ్లున్నారు. ఎలక్ట్రికల్ పనులు, ప్లంబింగ్, క్యాటరింగ్, సామాన్లు చేరవేయడం.. దేనికైనా బండి కావాల్సిందే.

ఆ బండ్లలో ఒకటీ అరా మామూలు పెయింట్ మెరుపు లేకుండా, గరుకుగా, నల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తాయి. వేలితో రాస్తే ఏనుగు తోలులా తగులుతుంది. దీన్నే లైనర్ కోటింగ్ అంటారు. మొదట్లో పికప్ వెనక సామాను వేసే బాడీ లోపల మాత్రమే కొట్టేవారు. ఇప్పుడు బంపర్లకు, తలుపుల కింది భాగానికి, కొందరైతే బండి మొత్తానికీ కొట్టిస్తున్నారు. గీతలు పడవని, రాయి తగిలినా పెచ్చు లేవదని, తుప్పు దగ్గరకు రాదని వర్క్‌షాపులు చెబుతాయి. అందులో చాలా వరకు నిజమే. కాకపోతే టెక్సాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లకు వచ్చే ప్రశ్న వేరు, సింగపూర్‌లో ఉన్నవాళ్లకు వచ్చే ప్రశ్న వేరు. ఇక్కడ బండి ఆయుష్షు ముందే కాగితం మీద రాసి ఉంటుంది.

పదేళ్ల కాగితం

సింగపూర్‌లో బండి కొనాలంటే ముందు సీవోఈ అనే హక్కు పత్రాన్ని వేలంలో దక్కించుకోవాలి. 1990లో మొదలైన ఈ పద్ధతిలో ఆ పత్రం పదేళ్లకే చెల్లుతుంది. పికప్‌లు, వ్యాన్లు, లారీలు కేటగిరీ సి కిందకి వస్తాయి. ఇటీవలి సంవత్సరాల్లో ఈ కేటగిరీ ధర 60 వేల నుంచి 90 వేల సింగపూర్ డాలర్ల మధ్య ఊగుతూ వచ్చింది. చాలాసార్లు బండి ఖరీదు కంటే కాగితం ఖరీదే ఎక్కువ.

పదేళ్లు నిండాక రెండే దారులు. బండిని వదిలించుకోవడం, లేదా గడిచిన మూడు నెలల వేలం ధరల సగటు కట్టి పత్రాన్ని మరో ఐదేళ్లకో పదేళ్లకో పొడిగించుకోవడం. ఐదేళ్లకు పొడిగిస్తే మళ్లీ పొడిగింపు ఉండదు. పదేళ్లకు తీసుకుంటే సరుకు బండికి మొత్తం 20 ఏళ్లు. అక్కడితో దాని కథ ముగుస్తుంది.

ఇక్కడ కార్ల యజమానులకు తెలియని ఒక తేడా ఉంది. కారును పదేళ్లలోపు రిజిస్ట్రేషన్ రద్దు చేయిస్తే పార్ఫ్ పేరుతో కొంత సొమ్ము వెనక్కి వస్తుంది. పొడిగిస్తే అది పోతుంది. సరుకు బండికి ఆ పార్ఫే లేదు. కాబట్టి పొడిగింపు వల్ల పోయేదేమీ ఉండదు. రోజూ పనికి వెళ్లే పికప్‌ను పదేళ్లకు మించి ఉంచుకోవాలన్న ఆలోచన అందుకే చాలామందికి వస్తుంది. అయితే పదేళ్లు దాటిన సరుకు బండిని ఏడాదికి ఒకసారి కాకుండా ఆరు నెలలకోసారి తనిఖీకి తీసుకెళ్లాలి. పదకొండో ఏట చాసిస్‌లోనో, బాడీ అడుగునో తుప్పు బయటపడితే కట్టిన సొమ్మంతా గుదిబండ అవుతుంది.

పూత లెక్క ఇక్కడే మొదలవుతుంది. కొత్త బండి అయితే మొదటి నెలల్లోనే వేయించడం మంచిది. రేకు శుభ్రంగా ఉంటుంది, పదేళ్లూ ఉపయోగం ఉంటుంది. ఎనిమిదో ఏట ఉండి, పొడిగించాలా వద్దా అని తేల్చుకోని బండికి మాత్రం వేయించవద్దు. ఆ డబ్బు తిరిగి రాదు. ఇంకో పదేళ్లకు పొడిగించిన బండికి తప్పకుండా పనికొస్తుంది, కాకపోతే ముందు తుప్పంతా తీయించాలి. ఐదేళ్లకే పొడిగించినవాళ్లు వెనక బాడీ లోపల, చక్రాల పైకప్పుల కింద కొట్టించుకుంటే చాలు. బండి మొత్తం నల్లగా గరుకుగా ఉంటే సినిమాలో యుద్ధం బండిలా ఉంటుందని ముచ్చటపడి వేయించుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ లెక్కలు అక్కర్లేదు.

మంచు లేదు, ఉప్పు లేదు.. మరి తుప్పు?

టొరంటోలోనో డెట్రాయిట్‌లోనో బండిని తినేసేది చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు. సింగపూర్‌లో ఆ బాధ లేదు. ఉన్నదల్లా చెమ్మ. ఏడాదికి సగటున 2,100 మిల్లీమీటర్లకు పైగా వాన, గాలిలో తేమ సగటు 80 శాతం పైనే. పైగా చుట్టూ సముద్రం. వాన కురిసి వెలిసిపోతే నష్టం లేదు. ఎక్కడో ఒక మూల నిలిచిపోయిన నీరే అసలు శత్రువు.

అందుకే పాత తరం ప్లాస్టిక్ లైనర్లు ఇక్కడ పెద్ద మోసం. పికప్ బాడీ లోపల తొట్టిలా అమర్చే ఆ ప్లాస్టిక్ పలక పైకి చక్కగానే ఉంటుంది. దాని కింద నీరు, ఇసుక చేరతాయి. బండి కదిలినప్పుడల్లా పలక రేకును రాస్తుంది, పెయింట్ అరిగిపోతుంది, అడుగున తుప్పు పాకుతుంది. నాలుగేళ్ల తర్వాత పలక ఎత్తి చూస్తే గానీ సంగతి తెలియదు. అల్యూమినియం చెకర్ ప్లేట్ పరిచినా ఇదే ముప్పు పొంచి ఉంటుంది. అల్యూమినియం, ఇనుము తడిలో ఒకదానికొకటి తగులుతూ ఉంటే రెండింట్లో ఒకటి తొందరగా తినేయబడుతుంది. మధ్యలో రబ్బరు పొర లేకుండా బోల్టులు బిగించేస్తే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది.

స్ప్రే లైనర్ గొప్పతనమంతా అది రేకుకు అతుక్కుపోవడంలో ఉంది. నీరు చేరడానికి మధ్యలో సందు ఉండదు. అతుక్కోకపోతే మాత్రం అది కూడా ప్లాస్టిక్ తొట్టే. ఇంకా చెడ్డది, ఎందుకంటే ఎత్తి చూడటానికి వీలుండదు.

డబ్బాలో ఏముంది?

ఈ పూతలు రెండు రసాయనాలు కలిస్తే గట్టిపడే రకం. ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. పాలీయూరియా రకంలో రెండింటినీ విడివిడిగా 65-70 డిగ్రీల దాకా వేడిచేసి, గట్టి ఒత్తిడితో గన్ను మూతి దగ్గర కలిపి కొడతారు. రేకు మీద పడిన కొన్ని సెకన్లకే గడ్డకడుతుంది. దీనికి ఖరీదైన యంత్రం కావాలి. అమెరికాలో 1988లో మొదలైన రైనో లైనింగ్స్, 1993లో వచ్చిన లైన్-ఎక్స్ ఈ బాటలో పేరు తెచ్చుకున్నాయి. రెండో రకం మామూలు కంప్రెసర్‌తో కొట్టే పాలీయూరిథేన్. బ్రిటన్‌కు చెందిన యూ-పోల్ కంపెనీ తెచ్చిన రాప్టర్ ఈ కోవలోది. సీసాలో మూడు వంతులు పూత, ఒక వంతు హార్డెనర్ కలిపి, ఊపి, గన్ను తగిలించి కొట్టేయవచ్చు. కావలసిన రంగు కలుపుకోవచ్చు. బండి మొత్తానికి వేసేది ఎక్కువగా ఇదే.

మందం విషయం చూడండి. కంపెనీ నుంచి వచ్చే పెయింట్ పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. వెనక బాడీలో కొట్టే లైనర్ 2-3 మిల్లీమీటర్లు ఉంటుంది. అందుకే ఇనుప పైపు విసిరినా గీత పడదు. ఇంకో ఉపయోగం, సామాను జారదు. వాన పడుతుండగా తడి బూట్లతో ఎక్కి దిగేవాళ్లకు కాలు పట్టు దొరుకుతుంది. రోజుకు ఇరవై సార్లు ఎక్కి దిగే మనిషికి దీని విలువ ఎక్కువ. నా మటుకు అందం కంటే, తుప్పు కంటే, వెనక బాడీలో లైనర్ వేయించడానికి ఇదే మొదటి కారణం.

కొటేషన్ తీసుకునేటప్పుడు ఒక మాట తప్పక అడగాలి: ఇది ఆరోమాటిక్ రకమా, ఆలిఫాటిక్ రకమా? మొదటిది చవక. ఎండ తగిలితే నలుపు వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది, లేత రంగులైతే పసుపెక్కుతాయి. రెండోది ఎండకు తట్టుకుంటుంది. భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న సింగపూర్‌లో ఏడాది పొడవునా ఎండ నిట్టనిలువుగా కొడుతుంది. బాడీ అడుగున మొదటి రకం వేసినా ఫర్వాలేదు. బయట తలుపులకు, బానెట్‌కు రెండోదే ఉండాలి, లేదా మొదటి దాని మీద ఎండను ఆపే పై పొర వేయాలి.

సిరామిక్ కోటింగ్ కూడా ఇలాంటిదే కదా అని అడుగుతుంటారు. కాదు. అది కంటికి కనపడనంత పలచని పొర. నీరు జారిపోతుంది, కడగడం తేలిక, మెరుపు నిలుస్తుంది. ఇనుప చువ్వ తగిలితే ఆగదు.

ఆటోనగర్ పాఠం, షిప్‌యార్డు పాఠం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేచోట కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. రంగు కొట్టడం చివరి రోజు పని. అంతకుముందు రోజులన్నీ గీకడం, రుద్దడం, రెడాక్సైడ్ కొట్టడం, లప్పం పెట్టడం, మళ్లీ రుద్దడం. లైనర్‌కూ అంతే. ముందు నూనె, మైనం, పాలిష్ జాడ లేకుండా కడగాలి. మెరుస్తున్న పెయింట్‌ను గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. తుప్పున్న చోట తెల్ల ఇనుము కనిపించేదాకా గ్రైండ్ చేసి ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. ఈ పని ఎగ్గొట్టి పైన దట్టంగా పూత కొట్టినా డెలివరీ రోజున తేడా తెలియదు. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి పని చూసే పుట్టిందేమో. పూత పగలదు, దాని కింద తుప్పు మాత్రం దుప్పటి కప్పుకుని హాయిగా పెరుగుతుంది.

సింగపూర్‌లో దీనికి తోడు గాలిలోని తేమ ఉంది. ఈ విషయంలో షిప్‌యార్డుల్లో బ్లాస్టింగ్, పెయింటింగ్ చేసే మనవాళ్లకు తెలిసినంత చాలా కార్ వర్క్‌షాపులకు తెలియదంటే అతిశయోక్తి కాదు. ఓడకు పెయింట్ వేసేముందు వాళ్లు గాలిలో తేమ ఎంత, రేకు వేడి ఎంత, డ్యూ పాయింట్ ఎంత అని కొలిచి రాస్తారు. డ్యూ పాయింట్ అంటే గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత. రేకు వేడి దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి, తేమ 85 శాతం లోపు ఉండాలి అన్నది అక్కడి సాధారణ నియమం.

సింగపూర్ ఉదయాన్ని తీసుకోండి. 25 డిగ్రీల వేడి, 92 శాతం తేమ అనుకుంటే డ్యూ పాయింట్ 23.6. తేడా డిగ్రీన్నర లోపే. రేకు మీద కంటికి కనపడని తడి ఉంటుంది. అదే రోజు మధ్యాహ్నం 32 డిగ్రీలు, 62 శాతం తేమ అయితే డ్యూ పాయింట్ 23.8. తేడా 8 డిగ్రీలు. ఒకే షెడ్డులో ఉదయం కొట్టిన తలుపు పొక్కులు లేచి, మధ్యాహ్నం కొట్టిన తలుపు గట్టిగా నిలిచిందంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. పైగా పాలీయూరిథేన్ హార్డెనర్ తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పూతలో బుడగలు వస్తాయి. ఉబి, కాకి బుకిత్, సిన్ మింగ్, బుకిత్ బాతోక్ వైపు వర్క్‌షాపులు బోలెడున్నాయి. కొటేషన్ ఇచ్చేవాళ్లను ఏసీ బూత్ ఉందా, తేమ కొలిచే మీటర్ ఉందా అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. జవాబు చెప్పే తీరులోనే మిగతాదంతా అర్థమవుతుంది.

కాగితాలు, స్టిక్కర్లు, సెన్సర్లు

బండి రంగు మారితే ఆ సంగతి ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ రికార్డుల్లోకి ఎక్కించాలి. తెల్ల హైలక్స్ నల్ల హైలక్స్ అయినా కాగితంలో తెల్లగానే ఉంటే తనిఖీ రోజున ఇబ్బంది తప్పదు. బండి మీద గరిష్ఠ బరువు, వెనక ఎంతమందిని ఎక్కించవచ్చో చెప్పే గుర్తులు, వెనకవైపు వేగ పరిమితి స్టిక్కర్ ఉండాలి. గరుకు పూత మీద స్టిక్కర్ నిలవదు. రెండు వానలకు అంచు లేస్తుంది. ఆ చోట్ల మేర నున్నగా వదిలేయమని, కంపెనీ పేరు రాయించుకునే చోటునూ వదలమని ముందే చెప్పాలి.

వెనక బాడీలో నీరు పోయే కన్నాలు పూతతో పూడిపోకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పూడితే బాడీ స్నానాల తొట్టి అవుతుంది. కొత్త బండ్లకు బంపర్ వెనక రాడార్, పార్కింగ్ సెన్సర్లు ఉంటాయి. వాటి మీద మందపాటి పూత పడితే అవి సరిగా పనిచేయవు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి ఉంచాలి. పూత బరువు కూడా మోయగలిగే సరుకు లెక్కలోంచే పోతుంది. బండి మొత్తానికి వేస్తే కిలోలు కాస్త గట్టిగానే పెరుగుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, దీన్ని తీయడం దాదాపు అసాధ్యం. తలుపుకు సొట్ట పడితే మామూలు డెంటింగ్ కుదరదు. గరుకు పూతను అదే తీరులో మళ్లీ కలపడం కష్టం, చాలాసార్లు తలుపు మొత్తం మళ్లీ కొట్టాలి. గరుకు సందుల్లో దుమ్ము, చెమ్మకు పుట్టే పాచి పడతాయి. బ్రష్ లేకుండా పోవు. ఇవన్నీ తూకం వేస్తే బండి మొత్తానికి కాకుండా బాడీ లోపల, బంపర్లు, తలుపుల అడుగు భాగం, చక్రాల పైకప్పుల కింద వేయించుకుని మిగతాది మామూలు పెయింట్‌కు వదిలేయడమే నాకు తెలివైన పనిగా కనిపిస్తుంది.

గన్ను పట్టుకున్నవాడి ఊపిరి

బండి గురించి ఇంత మాట్లాడుకున్నాం. దాన్ని కొట్టే మనిషి గురించి ఎవరూ అడగరు. ఈ హార్డెనర్లలో ఉండేవి ఐసోసైనేట్లు. ఆ పేరు వినగానే మనకు 1984 భోపాల్ గుర్తుకొస్తుంది. అక్కడ బయటపడింది మిథైల్ ఐసోసైనేట్, ఇట్టే ఆవిరయ్యే విషం. పూతల్లో వాడేవి అదే కుటుంబానికి చెందినవే అయినా అంత తేలిగ్గా ఆవిరి కావు. డబ్బాలో ఉన్నంతసేపు ముప్పు తక్కువ. గన్నుతో కొట్టినప్పుడు సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. కొందరికి ఒంట్లో వాటికి అలర్జీ పుడుతుంది. ఒకసారి పుట్టిందంటే ఆ తర్వాత ఏ కొంచెం తగిలినా ఆయాసం ముంచుకొస్తుంది. ఆ మనిషికి ఇక పెయింటింగ్ పని ముగిసినట్టే. ముప్పు ఉందని వాసన చెప్పదు. ముక్కుకు తెలియకముందే మోతాదు మించిపోతుంది.

గుడ్డ మాస్కు, కాగితం మాస్కు దీనికి అడ్డు కావు. బయటి నుంచి మంచి గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కు కావాలి. చేతులకు గ్లవ్స్, ఒంటికి కవరాల్ ఉండాలి, ఎందుకంటే చర్మం మీద పడినా అలర్జీ మొదలుకావచ్చు. కొట్టడం అయిపోగానే మాస్కు తీసేయడం చాలామంది చేసే పని. కనపడని తుంపర ఇంకా బూత్‌లో తేలుతూనే ఉంటుంది.

ఈ మాట సింగపూర్‌లోని పెయింటర్లకే కాదు. డాలస్‌లోనో, సిడ్నీ శివార్లలోనో ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో వారాంతం సెలవులో సీసాల కిట్ తెచ్చి సొంతంగా కొట్టేసే మనవాళ్లకూ ఇదే. వీడియోలో ఐదు నిమిషాల పనిలా ఉంటుంది. ఆ గ్యారేజీ తలుపు వంటింట్లోకి తెరుచుకుంటుంది, లోపల పిల్లలుంటారు. అద్దెకు బూత్ దొరికితే తీసుకోండి, లేదా కూలి ఇచ్చి చేయించండి. సింగపూర్‌లో హెచ్‌డీబీ కార్ పార్కులో ఇలాంటి పని తలపెట్టడానికే లేదు కాబట్టి ఆ బెడద తక్కువ.

సింగపూర్‌లో పని వల్ల వచ్చే ఆస్తమా, వర్క్ ఇంజరీ కాంపెన్సేషన్ చట్టం కింద పరిహారం దొరికే జబ్బుల జాబితాలో ఉంది. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్లకూ ఆ చట్టం వర్తిస్తుంది. చిక్కేమిటంటే, ఈ ఆయాసం చాలామందికి పని దగ్గర కాకుండా రాత్రి డార్మిటరీకి వచ్చాక మొదలవుతుంది. చలువ చేసిందనో, ఏసీ పడలేదనో అనుకుంటారు. పని రోజుల్లో దగ్గు, పిల్లికూతలు వచ్చి, సెలవు రోజుల్లో తగ్గుతున్నట్టయితే డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు హార్డెనర్ డబ్బా మీది లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసి తీసుకెళ్లాలి. చేసేది ఏ పని, ఎన్ని నెలలుగా, ఏ మాస్కుతో అన్నది చెప్పాలి. మీ వీధిలోనో, మీ కంపెనీలోనో అలాంటి తమ్ముడు ఎవరైనా ఉంటే, ఇంగ్లిష్‌లో చెప్పుకోవడానికి ఇబ్బంది పడుతుంటే, ఆ రోజు క్లినిక్‌కు తోడు వెళ్లండి.